తోడుకి ఎవరు కావాలమ్మా?

శివపార్వతికి చిన్నప్పటి నుంచీ ఒక జబ్బు. ఎవరేం చెప్పినా తలూపి ఊరుకోదు, ఎందుకని అడుగుతుంది. పెళ్లిచూపులనాడు తల వంచుకుని కూర్చోమంటే కూర్చుంది గానీ, పెళ్లికొడుక్కి ఆటోనగర్‌లో స్పేర్ పార్ట్స్ కొట్టు ఉందని ఎవరో అనగానే తలెత్తి, "లారీలవా, బస్సులవా?" అని అడిగింది. పెద్దవాళ్లు ముక్కున వేలేసుకున్నారు. దుర్గాప్రసాద్ మాత్రం "రెండూనండీ" అని బుద్ధిగా జవాబు చెప్పి, చేసుకుంటే ఈ పిల్లనే చేసుకుంటానన్నాడు. అప్పటి నుంచి ఇప్పటిదాకా ఆయన జవాబులు చెబుతూనే ఉన్నాడు, పాపం.

ఆ జబ్బుతోనే ఆమె విజయవాడలో ఒక ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రిలో నర్సుగా చేరింది. సర్వీసంతా దాదాపు లేబర్ రూమ్‌లోనే గడిచింది. పురుళ్లు పోసీ పోసీ చెయ్యి తిరిగిపోయింది కానీ, ఒక్క ప్రశ్న మాత్రం బుర్రలోంచి పోలేదు. పక్కపక్క మంచాల మీద ఇద్దరమ్మాయిలుంటారు. ఒకటే వయసు, ఒకటే ఆరోగ్యం, నొప్పులూ ఒకేలా వస్తుంటాయి. ఒకమ్మాయి కష్టమో నష్టమో గట్టెక్కి, బిడ్డను గుండెల మీద వెయ్యగానే రెండు చేతులా పొదువుకుంటుంది. రెండో అమ్మాయి బెదిరిపోయి, బిడ్డ పుట్టాక కూడా గోడవైపు తిరిగి పడుకుంటుంది. ముర్రుపాలు పట్టించడానికి ఆమెను బతిమాలుకోవాలి. ఎందుకిలా? డాక్టర్లనడిగితే ఒక్కొక్కరి తత్వం అన్నారు. ఆ జవాబు శివపార్వతికి ఆనలేదు.

అందుకని, తోటి నర్సులు రిటైర్మెంట్ డబ్బులతో ఎక్కడ స్థలం కొనాలా అని మాట్లాడుకునే వయసులో ఈవిడ వెళ్లి ఎమ్మెస్సీ నర్సింగ్‌లో చేరింది. సరిగ్గా అప్పుడే కూతురు సింధూరి నీళ్లోసుకుంది. అల్లుడు హర్షవర్ధన్ ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్‌లో ఇంజనీరు. ఆదివారం వస్తే చాలు భార్యను తీసుకుని పటమటలో అత్తవారింటికి వచ్చేసేవాడు. తల్లి పుస్తకాలతోనూ, కూతురు కడుపుతోనూ సోఫా మొత్తం ఆక్రమిస్తే, మామా అల్లుళ్లు చెరో ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని టీవీ చూసేవాళ్లు.

చదువు చివర్లో ఎవరికి వాళ్లు ఒక విషయం తీసుకుని పరిశోధన చేసి రాయాలి. శివపార్వతి తీసుకున్న విషయం తోడు. నొప్పులు పడే మనిషి పక్కన అయినవాళ్లు ఒకరుంటే ఆ మనిషికి భయం తగ్గుతుందా, బిడ్డ తొందరగా రొమ్ము పడుతుందా, ఇదీ ఆమె తేల్చదలుచుకున్నది. తోడుకి మూడు నియమాలు పెట్టింది. ఒక్కరే ఉండాలి. ఆడమనిషై ఉండాలి. తను ఒకసారైనా కని ఉండాలి.

గైడు డయానా మేడం ఆ మూడో నియమం దగ్గర పెన్ను ఆపింది. వయసులో శివపార్వతి కంటే చాలా చిన్నదే గానీ, ఊరికే సంతకం పెట్టే రకం కాదు.

"ఇది ఎందుకండీ?" అంది.

"కన్నవాళ్లకే కదండీ కాన్పంటే ఏంటో తెలిసేది. తెలియనివాళ్లు వచ్చి పక్కన నిలబడితే ఏం లాభం? వాళ్లే కంగారుపడి మన ప్రాణం తీస్తారు" అంది శివపార్వతి.

అందరినీ ఎందుకని అడిగే మనిషి, తన్ను ఎందుకని అడిగితే మాత్రం ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. డయానా మేడం భుజాలెగరేసి సంతకం పెట్టింది.

ఇక సింధూరి కాన్పుకి తోడెవరన్నది అసలు ప్రశ్నే కాదు. తొలికాన్పు పుట్టింట్లో. ఆ పుట్టింట్లో ఉన్నదేమో పురుళ్లు పోసే తల్లి. పైగా తోడు మీదే పరిశోధన చేస్తున్న తల్లి. ఇంతకంటే ఏం కావాలి? "నా కూతురి చెయ్యి నా చేతిలో ఉంటుంది, మనవడో మనవరాలో ముందు నా చేతుల్లోకే రావాలి" అని రైతుబజార్లో కూరగాయలమ్మే ఆమెకు కూడా చెప్పుకుంది. ఇరవై నాలుగేళ్ల క్రితం సింధూరి పుట్టినప్పుడు డ్యూటీలో ఉన్నవాళ్లు ఆమెను ఒక్కదాన్నే వదిలేసి వేరే కేసుకి పరుగెత్తారు. ఆ ఒంటరితనం ఆమె మరచిపోలేదు. తన పిల్లకి అది రానివ్వకూడదు. ఈ ఒక్క విషయంలో మాత్రం ఆమెకు ఏ అనుమానమూ లేదు.

పరిశోధన మొదలైంది. ఓపీలో కూర్చుని, నెలలు నిండిన అమ్మాయిలను పలకరించి, "తోడుకి ఎవరు కావాలమ్మా?" అని అడిగేది. అమ్మాయి పక్కనున్న తల్లి వైపు ఒకసారి చూసి "అమ్మండీ" అనేది. తరవాత వచ్చిన అమ్మాయీ అంతే. కూచిపూడి నుంచి వచ్చినా కంకిపాడు నుంచి వచ్చినా జవాబొకటే. ఈ ప్రశ్న అడగడమే దండగేమో అనుకుంది శివపార్వతి. తల్లులను కూర్చోబెట్టి నడుం ఎలా రాయాలో, నీళ్లు ఎప్పుడు తాగించాలో, ఊపిరి ఎలా పీల్చమనాలో నేర్పింది. కాన్పయ్యాక అమ్మాయికి ఒక కార్డు చూపించేది. నవ్వు మొహం దగ్గర్నుంచి ఏడుపు మొహం దాకా వరసగా బొమ్మలుంటాయి. "లోపల ఉన్నంతసేపూ నీ భయం ఏ మొహంలాగ ఉందో వేలు పెట్టి చూపించు" అనేది.

చాలామంది ఏడుపు మొహం మీదే వేలు పెట్టారు. తోడు లేనివాళ్లు కాదు, తోడున్నవాళ్లు.

శివపార్వతికి ఇది మింగుడుపడలేదు. బొమ్మలు తిరగేసి చూపించిందేమోనని కార్డు సరిచూసుకుంది. డయానా మేడం "లెక్క తప్పా, మన నమ్మకం తప్పా, ఒకసారి లోపలికెళ్లి చూడండి" అని సలహా ఇచ్చింది. అప్పుడు శివపార్వతి లేబర్ రూమ్‌లో ఒక మూల నిలబడి, నర్సుగా కాకుండా చూడడానికి వచ్చిన మనిషిలా చూడడం మొదలుపెట్టింది. నర్సు చూసేది నాడి, రక్తం, గడియారం. మూల నిలబడ్డవాళ్లకు ఇంకోటి కనిపిస్తుంది.

ఆమెకు కనిపించింది ఇది. నొప్పి రాగానే అమ్మాయి తల్లి చెయ్యి పట్టుకుంటుంది. తల్లి నడుం రాస్తూ, "ఇదేం చూశావే, నిన్ను కనేటప్పుడు నేను రెండ్రోజులు పడ్డా. మంత్రసాని చేతులెత్తేసింది" అంటుంది. ఇంకో మంచం దగ్గర ఇంకో తల్లి, "మీ అన్నప్పుడు నేనింక లేననుకుని మీ నాన్న బయట ఏడ్చేశాడంట" అంటుంది. ధైర్యం చెబుతున్నామనే అనుకుంటున్నారు అందరూ. చెబుతూ చెబుతూ తమ పాత నొప్పుల్లోకి తామే వెళ్లిపోయి కళ్లు తుడుచుకుంటున్నారు. మంచం మీద అమ్మాయి తన నొప్పి మింగుకుని, "ఏడవకమ్మా, నాకేం కాలేదు" అని తల్లినే ఓదారుస్తోంది. ఎవరు ఎవరికి తోడొచ్చారో శివపార్వతికి అర్థం కాలేదు.

ఆ రోజుల్లోనే ప్రత్యూష అనే అమ్మాయికి కాన్పయింది. చేనేత కుటుంబం, నెమ్మదైన పిల్ల. బొమ్మల కార్డు చూపిస్తే ఆఖరి ఏడుపు మొహం మీద వేలు పెట్టి నవ్వింది. తల్లి టీ తెచ్చుకోవడానికి బయటికి వెళ్లింది.

"మీ అమ్మగారు పక్కనే ఉన్నారుగా ప్రత్యూషా. అయినా అంత భయమేసిందా?" అని అడిగింది శివపార్వతి.

"మా అమ్మకి కళ్లు తిరుగుతాయేమోనని భయమండీ. నా సంగతి నాకు తెలియనే లేదు" అంది ప్రత్యూష. కాసేపాగి, "మా పక్కింటి పిన్నైతే బాగుండేది" అని మెల్లగా అంది.

"మరి నేనడిగినప్పుడు అమ్మే కావాలన్నావుగా?"

ప్రత్యూష ఆమెను వింతగా చూసింది. "మా అమ్మని పక్కన పెట్టుకుని అడిగారు కదండీ. ఇంకేం చెప్తాను?"

శివపార్వతి కార్డు వెనక్కి తీసుకుంది. ఎంతమందిని అలా అడిగింది. ఏ ఆడపిల్లయినా, తొలిచూలు మోస్తూ, కన్నతల్లి మొహం మీద "నువ్వొద్దు" అంటుందా? ఈ నేల మీద పుట్టి, ఇక్కడి ఇళ్లల్లో పెరిగి, ఆ మాత్రం తెలియకపోయింది తనకి. మర్నాటి నుంచి తల్లులను మందుల కిటికీ దగ్గరికి పంపించి అడగడం మొదలుపెట్టింది. జవాబులు చూసి విస్తుపోయింది. వదిన అన్నవాళ్లున్నారు, తోటికోడలు అన్నవాళ్లున్నారు, ఒకమ్మాయి స్కూల్లో ఆయమ్మ అంది. అమ్మే అన్నవాళ్లూ ఉన్నారు, వాళ్లు మాత్రం కళ్లనిండా వెలుగుతో అన్నారు. పాత జవాబులన్నీ పక్కన పెట్టి పరిశోధన మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది. డయానా మేడం గడువు పెంచమని అర్జీ పెట్టించింది. శివపార్వతికి మాత్రం అందులో కొంచెం కూడా బాధ లేదు. పోగొట్టుకున్న వస్తువేదో దొరికినట్టు హుషారుగా తిరిగింది.

ఆ హుషారులోనే ఈ సంగతంతా లేబర్ రూమ్ ఇన్‌ఛార్జి తెరేసమ్మకు చెప్పింది. తెరేసమ్మ ఆమె కంటే సీనియరు. మాట తక్కువ, చురక ఎక్కువ. గ్లవ్స్ విప్పుతూ అంతా విని, "బాగుంది పార్వతి గారూ. మరి మీ అమ్మాయిని అడిగారా?" అంది.

"సింధూరినా? దాన్ని అడిగేదేముందండీ?" అంది శివపార్వతి.

అని, ఆ మాట తన చెవిన తనే విని ఆగిపోయింది. మందుల కిటికీ దగ్గరికి వెళ్లమంటే ఓపీలో ప్రతి తల్లీ అచ్చం అదే మాట అంది.

వారమంతా ఆమెకు అన్నం సయించలేదు. అడగకపోతే తను పెట్టిన పద్ధతికి తనే ద్రోహం చేసినట్టు. అడిగితే, ఏమో, ఏం వినాల్సి వస్తుందో. "నువ్వే కావాలంటుంది లేవే, ఎందుకంత బెంగ?" అన్నాడు దుర్గాప్రసాద్. అలాంటప్పుడు అడగడానికి భయమెందుకని తన్ను తనే నిలదీసుకుంది. చివరికి చూపించుకోవడానికి సింధూరి వచ్చిన రోజున తెరేసమ్మకు పని అప్పగించింది. తను ఆసుపత్రి ఎదురుగా టీ కొట్లో కూర్చుంది. తల్లి ఎదురుగా అడగకూడదు కదా, తన రూలే.

తెరేసమ్మ రోడ్డు దాటి వచ్చి బెంచీ మీద కూర్చుంది. నీళ్లు నమలడం ఆవిడకు చేతకాదు.

"కనకలక్ష్మి అత్తయ్య కావాలంటోంది. ఎవరండీ ఆవిడ?"

శివపార్వతి ముందు నవ్వింది. నవ్వు మధ్యలోనే కోపం వచ్చింది. కోపం కూడా నిలవలేదు. టీ గ్లాసు కింద పెట్టేసింది.

కనకలక్ష్మి దుర్గాప్రసాద్ అక్క. చల్లపల్లిలో కాపురం. భర్త రత్తయ్యకు కాలవ పక్కన అరటితోట, ఇంటి వెనక రెండు గేదెలు. ఆ దంపతులకు పిల్లలు పుట్టలేదు. చిన్నప్పుడు వేసవి సెలవులన్నీ సింధూరి అక్కడే గడిపింది, ఇప్పుడూ రోజూ ఫోన్లో మాట్లాడుతుంది. మంచి మనిషే, ఎవరు కాదన్నారు? కానీ కాన్పు గదిలోకి కనకలక్ష్మా? సింధూరి సీమంతానికి వచ్చి కూడా ఆవిడ అమ్మాయికి గాజులు తొడగలేదు. తొడగవద్దని ఎవరూ అనలేదు. తొడగమని కూడా ఎవరూ అనలేదు. తనంతట తనే వెనక్కి తగ్గి వడ్డనలో పడిపోయింది. ఇక పరిశోధన సంగతి చూస్తే, మూడో నియమం ప్రకారం ఆవిడ గుమ్మం దగ్గరే ఆగిపోవాలి.

ఇంటికి వచ్చేదాకా బిగబట్టుకుని, వంటింట్లో గోంగూర ఆకు దూస్తున్న కూతురి ఎదురుగా పీట వాల్చుకుని కూర్చుంది.

"ఎందుకే?" అంది.

సింధూరి చేతిలో కాడ ఆగింది. "తెరేసమ్మ ఆంటీ చెప్పేశారా? నీకు చెప్పొద్దన్నాను."

"చెప్పింది లే. నేనేం అనను. ఎందుకో చెప్పు. నేను చెయ్యలేననా?"

"నువ్వు చెయ్యలేకేంటమ్మా. నీకు అన్నీ తెలుసు, అదే." సింధూరి కాడ కింద పెట్టింది. "నేను స్కూల్లో పడి చెయ్యి విరగ్గొట్టుకున్నప్పుడు గుర్తుందా? నువ్వు రాగానే చెయ్యి పట్టుకు చూసి, ఏం లేదు, చిన్న చీలిక, మూడు వారాల్లో అతుక్కుంటుంది అన్నావు. నిజమే, అలాగే అతుక్కుంది. సెలవులకి చల్లపల్లి వెళ్తే అత్త కట్టు చూసి, ఎలా ఉందే, గుచ్చుతోందా, లాగుతోందా, నిద్రపట్టనిస్తోందా అని అడిగింది. బస్టాండ్ నుంచి ఇంటిదాకా చెప్తూనే ఉన్నా. అప్పటిదాకా నన్నెవరూ అడగలేదమ్మా. నాక్కూడా తెలియదు, చెప్పుకోవాలనుందని."

శివపార్వతి పీట కాస్త ముందుకి జరుపుకుంది.

"నువ్వుంటే నేను నొప్పి అనగానే దారి ఎన్ని సెంటీమీటర్లు తెరుచుకుందో చెప్తావు. గట్టిగా అరిస్తే, అరిచి ఓపిక పోగొట్టుకోకు అంటావు. అది కరెక్టే అయ్యుంటుంది. కానీ నాకు అరవాలనిపిస్తే అరవాలి. నీ ముందు అరవలేను." సింధూరి కళ్లు చెమర్చాయి. "నీకు బాధైతే వద్దులే అమ్మా. నువ్వే ఉండు."

ఇదీ సంగతి. ఓపీలో అమ్మాయిలంతా ఏం చేశారో తన కూతురూ అదే చెయ్యబోతోంది, తల్లి మొహం చూసి మాట మార్చేస్తోంది. శివపార్వతికి ఏడుపొచ్చింది, వచ్చిన మాట నిజం. చీర చెంగుతో మొహం తుడుచుకుని గోంగూర కట్ట తన వైపు లాక్కుంది. తను ఎందుకని అడుగుతుంది, కనకలక్ష్మి ఎలా ఉందని అడుగుతుంది. తేడా అంతే. ఇన్నేళ్ల సర్వీసులో తను ఏ మంచం దగ్గరా ఆ రెండోది అడిగిన గుర్తు లేదు. అడగాల్సిన అవసరం రాలేదు మరి, చూడగానే తెలిసిపోయేది.

"వద్దు. మీ అత్తనే పిలుద్దాం" అంది.

పిలవడం అంత తేలిక కాలేదు. ఫోన్లో చెబితే కనకలక్ష్మి నెట్‌వర్క్ సరిగా లేదని పెట్టేసింది. మళ్లీ చేస్తే రత్తయ్య ఎత్తి, "మీ వదిన గేదెల దగ్గరుందమ్మా" అన్నాడు. గేదెలకి అంత సేవ ఎప్పుడూ జరిగి ఉండదు. చివరికి శివపార్వతే చల్లపల్లి బస్సెక్కింది. తన చోటు వేరేవాళ్లకు ఇస్తూ, అది పుచ్చుకోమని వాళ్లనే బతిమాలడానికి అంతదూరం వెళుతున్నందుకు దారిపొడుగునా తన్ను తనే తిట్టుకుంది. ఉయ్యూరు దాటాక తిట్లు అయిపోయాయి.

కనకలక్ష్మి వసారాలో అరటిగెలలు ఈత చాపల మీద సర్దుతోంది. మరదల్ని చూసి మంచినీళ్లు తెచ్చింది, మజ్జిగ తెచ్చింది, వద్దన్నా అన్నం పెట్టింది. అసలు మాట ఎత్తగానే మొహం పక్కకి తిప్పుకుంది.

"నేను రాను పార్వతీ. పసిది, దానికి తెలియక అడిగింది. నీకు తెలియదా?"

"ఏంటి వదినా తెలియాల్సింది?"

"నన్నాడించకు. గొడ్రాలు కాన్పు గదిలో కాలు పెట్టిందని పదిమందీ అనుకుంటారు. రేపు పిల్లకి చిన్న నలత చేసినా నా మొహమే చూస్తారు. నాకు అలవాటే గానీ, దాని అత్తగారి ముందు మీకు మాటెందుకు?"

"ఎవరేమన్నా నేను చెప్పుకుంటాను వదినా. పాతికేళ్ల బట్టి పురుళ్లు పోస్తున్నా. మనుషుల నీడవల్ల నలత చేసిన బిడ్డని నేను ఒక్కదాన్ని కూడా చూడలేదు."

కనకలక్ష్మి గెల మీద దుమ్ము తుడిచింది. "సరే, అది వదిలెయ్. నాకేం తెలుసని రమ్మంటావు? నొప్పంటే ఏంటో తెలియదు, ఏ టైములో ఏం జరుగుతుందో తెలియదు. అది అరిస్తే నేనేం చెప్పాలి?"

శివపార్వతి నోటి దాకా పాఠమంతా వచ్చింది, నడుం రాయడం, నీళ్లు తాగించడం, ఊపిరి తీయించడం. మొదలుపెట్టబోయి ఆగింది.

"ఏమీ చెప్పొద్దు వదినా. అదేం చెప్తే అది వినండి. మీకు తెలియదనే అది మిమ్మల్ని రమ్మంటోంది."

కనకలక్ష్మి ఆమెను అనుమానంగా చూసింది. వేళాకోళం చేస్తోందేమోనని. మరదలి కళ్లు ఎర్రబడి ఉండటం చూసి, "నువ్వు ఉండాలనుకున్నావు కదూ?" అని అడిగింది.

"అనుకున్నాను."

"ఎలా ఉంది నీకు?"

ఆ ప్రశ్నకి తట్టుకోలేకపోయింది శివపార్వతి. ఏదో చెప్పబోయి, చెప్పలేక, అరటిగెలల మధ్య కూర్చుని బావురుమంది. కనకలక్ష్మి చెయ్యి తుడుచుకుని వచ్చి పక్కన కూర్చుంది. ఊరుకోమనలేదు, ఏం కాదనలేదు. తిరుగు బస్సులో ఇద్దరూ కలిసి విజయవాడ వచ్చారు.

సింధూరికి నొప్పులు ఒక మధ్యాహ్నం మొదలయ్యాయి. అల్లుడు ఇబ్రహీంపట్నం నుంచి బయలుదేరాడు, దుర్గాప్రసాద్ కొట్టు మూసి కారు తెచ్చాడు. లేబర్ రూమ్ తలుపు దగ్గర తెరేసమ్మ నిలబడి, "తోడెవరమ్మా?" అని అందరినీ అడిగినట్టే అడిగింది. కనకలక్ష్మి అడుగు ముందుకేసి, వెనక్కి తిరిగి శివపార్వతిని చూసింది. శివపార్వతి తలూపింది. తలుపు మూసుకుంది.

అప్పుడు తెలిసింది ఆమెకు, ఆ తలుపుకి ఇవతల పక్క ఎలా ఉంటుందో. సర్వీసంతా అవతల పక్కే గడిపింది. బెంచీ మీద వాళ్లు ప్రతి అరుపుకీ ఎందుకు లేచి నిలబడతారో, బయటికి వచ్చిన ప్రతి ఆయాను ఎందుకు చుట్టుముడతారో అని తను అప్పుడు విసుక్కునేది. ఇప్పుడు తనే లేచి నిలబడుతోంది. పక్కన కూర్చున్న పెద్దావిడ కోడలి కోసం వచ్చింది. శివపార్వతి చెయ్యి పట్టుకుని, "కూర్చోమ్మా, మొదటిసారా?" అని అడిగింది. అవునండీ అని కూర్చుంది శివపార్వతి.

సింధూరి అరిచింది. ఆ గొంతు పెట్టి కూతురు అరవడం ఆమె ఎప్పుడూ వినలేదు. సాయంత్రమయ్యేసరికి అరుపులు దగ్గరదగ్గరగా వచ్చాయి. ఆ వరస ఏమిటో, ఎంత దగ్గర పడిందో, శివపార్వతికి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఒకసారి అరుపు పొడుగ్గా సాగి మధ్యలో తెగింది. కాళ్లు వాటంతటవే తలుపు దాకా వెళ్లాయి. చదువు కోసం సెలవులో ఉన్నా ఇది ఆమె ఆసుపత్రి, తోసుకుని వెళితే ఆపేవాళ్లు లేరు. చెయ్యి తలుపు మీద వేసింది.

లోపల కనకలక్ష్మి గొంతు వినిపించింది. "ఇప్పుడెక్కడే? కిందికి దిగిందా? చెప్పు." సింధూరి మూలుగుతూ, వగరుస్తూ ఏదో చెబుతోంది. మాటలు తెలియడం లేదు గానీ, చెబుతోంది. అరిచి, ఆగి, మళ్లీ చెబుతోంది. ఆ గొంతులో నొప్పి ఉంది, కోపం కూడా ఉంది. భయం కోసం వెతికింది శివపార్వతి, దొరకలేదు. వినడంలో ఆమె చెవి తప్పదు. చెయ్యి తీసేసి వచ్చి బెంచీ మీద కూర్చుంది.

చీకటి పడకముందే పసిబిడ్డ ఏడుపు వినిపించింది. దుర్గాప్రసాద్ అల్లుణ్ని కౌగలించుకున్నాడు. తెరేసమ్మ తల బయటపెట్టి, "ఆడపిల్ల, ఇద్దరూ బాగున్నారు" అని చెప్పి మళ్లీ మూసేసింది. గంటయినా బిడ్డను బయటికి తేలేదు. తేరని శివపార్వతికి తెలుసు, తల్లి గుండెల మీదే ఉంచుతారు, అలా ఉంచాలని పోరిన వాళ్లలో తనూ ఒకతె. మొదట తన చేతుల్లోకి వస్తుందనుకున్న బిడ్డ అక్కడ, ఆ గోడ అవతల, ఇంకొకరి కళ్ల ముందు పాలు వెతుక్కుంటోంది.

తరవాత కనకలక్ష్మి బయటికి వచ్చింది. ముడి ఊడిపోయింది, చీర కుచ్చిళ్లు తడిసిపోయాయి, మణికట్టు మీద గోళ్లు దిగిన గుర్తులు ఎర్రగా ఉన్నాయి. ఎటు వెళ్లాలో తెలియనట్టు వరండాలో నిలబడిపోయింది. శివపార్వతి దగ్గర ప్రశ్నలు సిద్ధంగా ఉన్నాయి, రక్తం ఎంత పోయింది, మాయ మొత్తం పడిందా, బరువెంత, ఎంతసేపటికి రొమ్ము పట్టింది. అన్నీ తెరేసమ్మను అడగొచ్చు. వదిన చెయ్యి పట్టుకుని బెంచీ మీద కూర్చోబెట్టింది.

"ఎలా ఉంది వదినా?"

కనకలక్ష్మి మొదలుపెట్టింది. "ముందు దానికి నడుములో వచ్చింది పార్వతీ. ఎవరో బిందెలు మోయిస్తున్నట్టుందంది. తరవాత అదే చుట్టూ తిరిగి ముందుకొచ్చిందంట..." చెబుతుంటే బెంచీ మీద ఆడవాళ్లంతా ఇటు తిరిగారు. ఎక్కడ నలుగురాడవాళ్లు చేరినా ఎవరి పురుడు వాళ్లు చెప్పుకుంటారు. ఇంతకాలం ఆ నలుగురిలో కనకలక్ష్మి ఉంది, చెప్పుకోవడానికే ఆమెకు ఏమీ లేకపోయింది. ఆమె ఎటు చూస్తూ కూర్చునేదో ఒక్కరూ గమనించలేదు. శివపార్వతి కూడా గమనించలేదు, సింధూరిని కన్న కథ తనే గొప్పగా చెబుతూ ఉండేది. ఇప్పుడు అది తలుచుకుంటే సిగ్గేసింది.

కనకలక్ష్మి కొన్ని ముందువి వెనకా, వెనకవి ముందూ చెప్పింది. బొడ్డు కోసిన సంగతి రెండుసార్లు చెప్పింది. పెద్దావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వింటోంది.

"దాని గుండెల మీద పడుకోబెట్టారు పార్వతీ. ఇంతుంది. కళ్లు తెరవలేదు. కాసేపటికి కాళ్లతో తన్నుకుంటూ పాక్కుంటూ పాక్కుంటూ పాల దగ్గరికి వెళ్లిపోయింది. ఎవరూ చూపించలేదు. పాలు అక్కడున్నాయని దానికెలా తెలిసింది?"

ఎలా తెలుస్తుందో శివపార్వతి పుస్తకాల్లో చదివింది, పరీక్షలో రాసింది, క్లాసులో చెప్పింది. వదిన మొహం చూసింది.

"ఏమో వదినా" అంది. "తరవాతేమైంది?"